నాలుగు మడుల పోటీ

ఒక ఆడామె పాదం, నలభై గొర్లు, ఒక చిన్న గేటు. ఈ మూడింటికి సంబంధం ఏందని మీరు అడుగుతరు. సంబంధం నేనే. మూడింటినీ ఒక్క గంటల, ఒక్క గడ్డి కోసే మిషన్‌తోని ఆగం చేసిన మొనగాణ్ణి నేను. ఇయ్యాల జనం నన్ను చూసి "యాదగిరన్నా, లాన్ వెయ్యాలంటె నీ తర్వాతనే ఎవలైనా" అంటుంటె నాకు నవ్వొస్తది. నవ్వాల్సిన కాడ మీరు కడుపార నవ్వుండ్రి, నాకేం కోపం రాదు. నేను గూడ నవ్వుత, మా బాపు ముచ్చట వచ్చేదాంక.

తెలంగాణ వచ్చిన కొత్తల సంగతి ఇది. మాది భువనగిరి దిక్కు ఒక చిన్న ఊరు. పట్నపోళ్లు వచ్చి మా గుట్టబోర్లు, రాళ్ల చెలకలు కొని కంచెలు ఏసుకుంటున్న దినాలు. నాకు ఇరవై నాలుగేండ్లు. రోడ్డు పక్క ఒక నర్సరీల రెండేండ్లు మొక్కలకు నీళ్లు పోసిన. నీళ్లు పోసినోడు నీళ్లు పోసినట్టుండాలె గద! నేను ఉండలె. నాలుగు గడ్ల పేర్లు నేర్చుకున్న. బెర్ముడా, మెక్సికన్, కొరియన్, బఫెలో. ఇగ చూస్కోండ్రి, మంగలి దుకాణంల కూసున్నా, పెండ్లి బంతిల కూసున్నా అదే ముచ్చట.

"బెర్ముడా ఉన్నదే, దానికి ఎండ కావాలె. జల్ది అల్లుకుంటది, నీళ్లు తక్కువైనా సావదు, కాని వారం వారం కొయ్యాలె. మెక్సికన్ నిదానం, కాని మందంగ పరుపు లెక్క వస్తది. బఫెలోది ఎడల్పు ఆకు, చెట్టు నీడకైతె అదే, నీళ్లు మస్తు తాగుతది. కొరియన్ అంటవా..." అని ఇక్కడ ఆగి, కండ్లు సగం మూసి, "కొరియన్ మఖ్మల్ రా భై" అంటుంటి.

అవతలోడు పప్పు పోసుకొని లేచిపోతుండె. నేను పక్కోనికి మొదలు పెడ్తుంటి.

మా బాపు పేరు మల్లయ్య. నలభై గొర్లు ఆయనయి. గడ్డి గురించి ఆయనకు తెలిసిందంత గొర్రె నోటి కాడి నుంచి నేర్చిందే. నేను నర్సరీ నుంచి నాలుగు తీర్ల గడ్డి పిలకలు తెచ్చి అరుగు మీద పెట్టి చూపెట్టిన దినం, ఆయన ఒక్కొక్కటి తీసుకొని వాసన చూసిండు, నలిపిండు, కొరికిండు.

"గిది మన గరిక కాదుర?" అన్నడు బెర్ముడాను చూపెట్టి.

"గరిక జాతే బాపూ. కాని గిది బెర్ముడా. సన్నగుంటది, లాన్‌కు పనికొస్తది."

"గొర్రె తింటదా?"

"గొర్రె తినొద్దు బాపూ! లాన్ అది!"

"తినొద్దా? మరి గీ కొరియన్‌ది?"

"అది అసలే ముట్టొద్దు. దూరం నుంచి చూడాలె."

బాపు పిలకను అరుగు మీద పెట్టి, గొంగడి భుజాన ఏసుకుంట, "గొర్రె ముట్టంది గడ్డెట్లయితదిరా" అని గొర్ల ఎంబడి పోయిండు. అమ్మ లోపల నుంచి నవ్వింది. నాకు మండింది. నాకు అప్పుడు ఇసుంటియి బాగ మండుతుండె.

ఇగ అసలు సంగతికి వస్త. మా ఊరి పక్కన నాలుగెకరాల రాళ్ల చెలకను పట్నం నుంచి ఒక రిటైరైన సారు కొన్నడు. మంచి మనిషే, నేనేం అనను. కాని ఆ చెలక మీదికెల్లే మా బాపు, వాళ్ల బాపు గొర్లను కుంట కాడికి నీళ్లకు తోల్కపోయేటోళ్లు. కంచె పడ్డది. తొవ్వ బందైంది. అప్పటి నుంచి బాపు గొర్లను తారు రోడ్డు మీదికెల్లి సుట్టు తిప్పి కుంటకు తోలాల్సొచ్చింది. ఆ ఏడు లారీ కింద రెండు గొర్లు పోయినయి. బాపు మోకాళ్లు అప్పటికే సగం పోయినయి. కంచెకు కుంట దిక్కు ఒక చిన్న గేటు ఉండె. అది తీసిపెడితె చాలు, కంచె అంచు పొంటి గొర్లు దాటిపోతయి. బాపు రెండు తాపలు సారును అడిగిండు. "చూద్దాం పెద్దాయనా" అన్నడు సారు.

గసుంటి టైంల సారు నర్సరీకి వచ్చిండు, లాన్ వెయ్యాలంటూ. మేడంకు చిన్నప్పటి నుంచి ఒక్కటే కోరిక అట, పొద్దుగాల మంచు పడ్డ గడ్డి మీద వట్టి కాళ్లతోని నడువాలని. ఆమె కోసమే ఈ జాగా కొన్న అన్నడు. "ఏ గడ్డి మంచిది?" అని అడిగిండు.

చేతులార నా నోరు విప్పిండు. గంట సేపు చెప్పిన. సారు వాచీ చూసుకున్నడు, నేను చూడలె. ఆఖరికి ఆయన, "నాలుగు రకాలూ నాలుగు మడుల్లో వేసి చూపించు. మా ఆవిడ నడిచి ఏది బాగుందంటే అది మొత్తం వేద్దాం" అన్నడు.

"సారూ, కుదిరితె ఒక్కటడుగుత. మా బాపు గొర్లకు ఆ చిన్న గేటు..."

సారు నవ్విండు. "లాన్ మంచిగా రానీ. మా ఆవిడ గడ్డి మీద నడిచిన రోజే గేటు తాళం మీ నాన్న చేతిలో పెడతాను."

ఇంటికి ఉరికొచ్చి చెప్పిన. బాపు మొఖం చూడాల్సుండె. పండ్లు పోయిన నోటితోని గంత పెద్ద నవ్వు నవ్వుడు నేను శానా ఏండ్లకు చూసిన. ఆ దినం నుంచి ఆయనకు అది గడ్డి కాదు, కుస్తీ పోటీ. రోజూ మాపటీలి బువ్వ కాడ, "ఏది గెలుస్తదిరా?" అని అడుగుడే. "కొరియన్ బాపూ" అంటుంటి. "సూడు, గరికనే గెలుస్తది" అంటుండె ఆయన.

నాలుగు మడులు చేసిన. రాళ్లు ఏరిన. ఇగ ఎరువు గావాలె. మందుల ఎరువు వద్దన్నడు సారు. మాకు ఎరువంటె ఏముంటది, మంద పెట్టుడే. నలభై గొర్లను పది దినాలు ఒక మడిల ఆపితె ఆ మన్ను పిండి లెక్క అయితది. రైతులు బతిమాలి పిలిచేటోళ్లు మా బాపును. "మంద పెట్టు బాపూ" అన్న.

బాపు తల ఊపలె. "ఇప్పుడొద్దురా. ఎండకాలం. మేత లేక జీవాలకు తుమ్మకాయలే దులుపుతున్న. గింజలన్ని పెంటికలల్ల పడ్తయి. వానకు మొలుస్తయి."

"పొలాలల్ల పెట్టలేవా ఎండకాలం?"

"పొలంల ఎడ్లు కట్టి గుంటుక తోల్తరు, మన్ను తిరగబడి తుమ్మ పోతది. నీ గడ్డిల గుంటుక తోల్తవా?"

ఈ మాట ఇప్పటికీ నా చెవుల ఉన్నది. ఎంత చిన్న మాట, ఎంత సాఫ్ మాట! గొర్ల కాపరి ఇంట్ల పుట్టినోనికి ఆ ముక్క తొట్టెల నుంచే ఎరుక ఉండాలె. నేనేమన్ననో తెలుసా? "బాపూ, నీకు గొర్ల సంగతి ఎరుక, లాన్ సంగతి ఎరుక లేదు" అన్న. అన్న సూడుండ్రి! ఆయన "సరే, గేటు కోసం గద" అని మంద తోల్కొచ్చి పెట్టిండు. నాలుగు మడుల ఏ మడికీ అన్యాయం జరగొద్దని నేనే దగ్గరుండి గొర్లను మడి మడికీ సరిసమానంగ తిప్పిన. తుమ్మగింజలు గూడ సరిసమానంగ పంచిన అన్నట్టు.

మిర్గం తొలకరి వాన పడ్డది. పిలకలు గుచ్చిన. బెర్ముడా నెల తిరగకముందే తాళ్లు పారి మడంత కప్పింది. బఫెలో గూడ పర్వాలేదు. మెక్సికన్ నిదానంగ ఒత్తుగ అల్లుకుంటాంది. నా కొరియన్ మాత్రం పెండ్లిపిల్ల లెక్క తల వంచుకొని, పెట్టిన కాడ పెట్టినట్టే కూసున్నది. పిలకకు పిలకకు నడుమ ఎర్రమన్ను నవ్వుతాంది.

ఆ ఎర్రమన్నులకెల్లి ఒక దినం తుమ్మ లేచింది.

ఒకటి, రెండు అని ఎంచిన. ఇరవై దాటినంక ఎంచుడు బంద్ చేసిన. బెర్ముడా మడిల పది పదిహేను ఉన్నయి, మిగిలినయి గడ్డి కింద ఊపిరాడక పోయినయి. కొరియన్‌ల మాత్రం జాగా మస్తుండె గద, తుమ్మ నారు పోసినట్టు లేచింది. సన్న ఆకులు, మొదలుకు జంట ముండ్లు. ఎవలికీ చెప్పలె. వట్టి చేతులతోని గుంజితె పైది తెగుతుండె, ఏరు లోపలే ఉంటుండె. రెండు దినాలకు ఒక్క మొలక జాగల రెండు లేస్తుండె.

బాపుకు నేను చెప్పాల్నా? నా వేళ్లు చూసిండు. "తుమ్మనే గద?" అన్నడు.

ఒకనాడు సారు ఫోన్ చేసిండు. "రేపు మేడంని తీసుకొస్తున్నాను. అంతా రెడీయేనా?"

"ఫస్ట్ క్లాస్ సారూ!" అన్న. నా నోటికి తాళం ఎయ్యాల్సింది సారు, గేటుకు కాదు.

పొద్దు పొడువంగనే బాపు, అమ్మ మడుల కాడికి వచ్చిండ్రు. రాత్రి వాన పడ్డది. బాపు గొంగడి పరిచి కొరియన్ మడి అంచుకు కూసున్నడు. "నేల మెత్తగున్నదిరా. రెండు వేళ్లతోని మొదలు కాడ పట్టి మెల్లగ గుంజితె ఏరుతోని వస్తది. ముగ్గురం కూసుంటె ఇయ్యాల రేపు రెండు దినాలల్ల అయిపోతది. సారుకు ఫోన్ చేసి ఎల్లుండి రమ్మను. జరిగింది చెప్పు."

"చెప్తె గేటు పోతది బాపూ!"

"చెప్పకపోతె పోదా?"

నాకు ఆ మాట అర్థం కాలె. అర్థమైంది ఒక్కటే, సారు కారు దిగేసరికి ఆయన మఖ్మల్ లాన్‌ల గొంగడి కప్పుకున్న మా బాపు గొంతుక్కూసొని కలుపు తీస్తుంటె నా ఇజ్జత్ ఏం గావాలె? ఇది నిజం. నా బాపును చూసి నేను సిగ్గుపడ్డ. ఇన్నేండ్లకు చెప్తున్న, చెప్పంగ గూడ సిగ్గయితాంది.

"లే బాపూ, లే. గిది చేతుల పని కాదు, మిషన్ పని" అన్న.

నర్సరీ నుంచి అడిగి తెచ్చిన మిషన్ గుర్రున తిప్పిన. నాలుగు మడులు గంటల కోసిన. బిల్లియర్డ్స్ బల్ల తీరు అయినయి. ఒక్క తుమ్మాకు కండ్లకు కనిపిస్తలేదు. బాపు దూరం నిలబడి, "పైన కోసినవ్. మొదళ్లు ఉన్నయిరా, సూదుల లెక్క" అన్నడు. నేను మిషన్ సప్పుడుల ఇనపడనట్టు చేసిన.

సారు, మేడం వచ్చిండ్రు. మేడం సన్నగ, తెల్లటి జుట్టు, మెల్లగ మాట్లాడే మనిషి. చెప్పులు విడిచింది. కంచె అవతల చిన్న గేటు కాడ బాపు గొర్లతోని తయారుగ నిలబడ్డడు. తలకు కొత్త రుమాలు చుట్టుకున్నడు, తాళం చేతికొచ్చే దినం గద.

మేడం బఫెలో మడిల నాలుగు అడుగులేసింది. "ఇది కొంచెం గరుకు" అన్నది. మెక్సికన్‌ల, "బాగుంది... ఏదో చురుక్కుమంటోందే?"

"కొత్త గడ్డి మేడం! పౌరుషం మీద ఉంటది!" అన్న. దేవుడా, ఏం నోరిచ్చినవయ్యా నాకు!

బెర్ముడా మడిల ఆమె కండ్లు మూసుకున్నది. "మా ఊళ్లో పొలం గట్టు ఇట్లానే ఉండేదండీ" అన్నది సారుతోని. అక్కడ ఆపినా అయిపోతుండె. గరిక గెలుస్తుండె, గేటు తెరుచుకుంటుండె. నేను ఆగుతనా? "మేడం, అసలుది చూడలె మీరు. కొరియన్ మీద ఒక్కసారి కాలు పెట్టుండ్రి, మఖ్మల్" అని చెయ్యి చాపి మరీ పిలిచిన.

మేడం కాలు పెట్టింది. నిండుగ, నమ్మి పెట్టింది. "అమ్మా!" అని కూలబడ్డది.

కంచె అవతల నుంచి బాపు ఎట్ల దాటిండో తెల్వదు, ఆ మోకాళ్లతోని ఉరికొచ్చిండు. మొలతాడుకు ఎప్పుడూ ఒక చిన్న చిమ్టా ఏలాడుతుంటది ఆయనకు, గొర్ల కాళ్ల ముండ్లు తీయనీకె. కింద కూసొని, మేడం పాదం తన గొంగడి మీద పెట్టుకొని, తుమ్మ మొదలు గుంజిండు. నెత్తురొచ్చింది. "మొన లోపల ఇరిగిందమ్మా, దవాఖానకు పోవాలె" అన్నడు.

"ఆమెకి షుగరయ్యా!" అన్నడు సారు. మొఖం తెల్లబడ్డది ఆయనది. ఒంగి గడ్డిని చేత్తోని పాయ తీసి చూసిండు. కోసిన మొదళ్లు వరుసగ నిలబడి ఉన్నయి. "ఏంటిది? ఇక్కడికి ముళ్లెలా వచ్చాయి?"

నా దిక్కు చూసిండు. నాలుగు గడ్ల మీద నాలుగు గంటలు మాట్లాడే నోరు నాది. ఒక్క మాట చాలు. 'నేనే సారూ, మా బాపు వద్దన్నడు' అంటె అయిపోతది. రాలె.

బాపు తల రుమాలు తీసి చేతుల పట్టుకున్నడు. "నా గొర్ల తప్పు సారూ. నేనే మంద పెట్టిన. పిలగానికి ఎరుక లేదు."

"ఇన్నేళ్లు గొర్రెలు కాశారు, మీకు తెలియదా పెద్దాయనా?" అన్నడు సారు. కోపం కాదది, దుఃఖం.

"మతికి రాలె సారూ" అన్నడు మా బాపు. ఆయన మతికి రాలేదట! నాకు గుంటుక సంగతి చెప్పిన మనిషి, నాకు సూదుల సంగతి చెప్పిన మనిషి, తల ఒంచుకొని నిలబడ్డడు. నేను మిషన్ పిడి పట్టుకొని నిలబడ్డ.

గేటుకు తాళం అట్లనే ఉన్నది. నా పని మాత్రం పోలె, అది గూడ ఇనుండ్రి. బాపు చెప్పిన అబద్ధం పుణ్యాన నాకే లాన్ పనంత ఇచ్చిండ్రు. మేడం పాదం మానేసరికి రెండు నెలలు పట్టింది. బాపు మళ్లా రోడ్డు పొంటి గొర్లను తోలిండు. మోకాళ్లు రానియ్యలె, ఒకనాడు ఇంకో గొర్రె లారీ కింద పడ్డది. ఎండకాలం రాకముందే అంగట్ల మందనంత అమ్మేసిండు. ఆ దినం ఇంటికి వచ్చి, వట్టి కట్టె మూలకు పెట్టి, బువ్వ కాడ కూసున్నడు. "ఏది గెలుస్తది" అని గూడ అడగలె. అది అడగకపోవుడే నాకు బువ్వ లోపలికి దిగనియ్యలె.

గొర్లు లేని మా బాపు రెండేండ్లు గూడ నిండుగ బతకలె. మంచం పట్టిన దినాలల్ల ఒక మాపటీలి పక్కన కూసొని కాళ్లు పిసుకుతుంటి. గోడ దిక్కు చూసుకుంట అడిగిండు, "యాదిగా, ఆఖరికి ఏది గెలిచిందిరా?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "బాపూ, తప్పు నాది. నువ్వు వద్దన్నవు. నేను నోరు తెరువలె. నీ గొర్లు నా వల్లనే పోయినయి."

"ఎరుకనే" అన్నడు. "అడిగింది చెప్పు. ఏది గెలిచింది?"

"గరికనే బాపూ. కొరియన్ ఎండకు పోయింది. మెక్సికన్ సగం ఉన్నది. బఫెలో నీళ్లు లేక ఎండింది. గరిక ఒక్కటే పచ్చగున్నది."

బాపు దగ్గిండు. దగ్గు కాదు, నవ్వు అది. "అబద్ధాలాడకు కొడకా. తుమ్మ గెలిచింది."

నేను గూడ నవ్విన. అమ్మ వచ్చి చూసేసరికి ఇద్దరం నవ్వుతున్నం, ఇద్దరి కండ్లల్ల నీళ్లు. మేమిద్దరం కలిసి నవ్విన ఆఖరు నవ్వు అదే.

బాపు పోయిన పదకొండో దినం అయినంక సారు ఇంటికి పోయిన. మేడం చెప్పులేసుకొని వరండల కూసున్నది. ఆమె గడ్డి మీద మళ్లా వట్టి కాలు పెట్టలె. నిలబడే అంత చెప్పిన. మంద సంగతి, గుంటుక సంగతి, మిషన్ సంగతి, రుమాలు సంగతి. మేడం లేచి లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. కుంటుకుంట నాతోని చిన్న గేటు కాడిదాంక వచ్చి, తన చేతులతోనే తీసింది. తాళం తుప్పు పట్టి తిరగలె, ఇద్దరం కలిసి తిప్పినం. ఆ గేటు ఇప్పటికీ తెరిచే ఉన్నది. దాటనీకె మా ఇంట్ల గొర్లు లేవు.

అందుకే సకల జాతుల గడ్డి సాక్షిగ, మా బాపు చిమ్టా సాక్షిగ ఒట్టేస్తున్న. ఏరుతోని పీకాల్సిన దాన్ని ఈ జన్మల మిషన్‌తోని కొయ్య. తుమ్మకాయల కాలంల ఏ మందనూ లాన్‌ల ఆప. మఖ్మల్ అనే మాట నోటెంట రానియ్య. మీ ఇంటికి గడ్డి గావాలంటె నన్ను పిలువుండ్రి, ఎండకు బెర్ముడా, నీడకు బఫెలో, తిరిగే కాళ్లకు మెక్సికన్, ఊరికే చూడనీకె కొరియన్ అని అయిదు నిమిషాలల్ల చెప్పి ఊకుంట. నాలుగిట్ల ఏది గెలుస్తది అని మాత్రం నన్ను అడగకుండ్రి. ఆ మాట అడిగే మనిషి ఇప్పుడు లేడు.